మా ఇంటి సత్యభామ

“మీ ఇంట్లో తేళ్లు పెంచుతారంట కదా, నిజమేనా?” ఫీనిక్స్ చుట్టుపక్కల ఏ తెలుగువారింటికి పేరంటానికి వెళ్లినా ఈమధ్య నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది. నిజమే. మా అమ్మాయి గదిలో ఒక గాజు తొట్టి ఉంది. అందులో నాలుగున్నర అంగుళాల నల్లతేలు ఉంది. ఈ మాట వినగానే కొందరు “అమ్మో” అని వెనక్కి జరుగుతారు. ఒకరిద్దరు పిల్లల్ని మా ఇంటికి పంపడం మానేశారు. ఇంకొందరు పక్కకు పిలిచి, “మా వాడూ అడుగుతున్నాడండీ, కొనివ్వొచ్చంటారా?” అని గొంతు తగ్గించి అడుగుతారు. అందరికీ కలిపి ఒకేసారి చెప్పినట్టవుతుందని ఇది రాస్తున్నాను. చెప్పాల్సింది తేలు గురించి మాత్రమే కాదు, మా అత్తయ్య గురించి కూడా.

మా అమ్మాయికి తేళ్ల మీద ఇష్టం కలగడానికి కారణం భయమే. అరిజోనాలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు స్కూలు ఎలా ఉందని అడిగినట్టే, ఈ వీధిలో తేళ్లున్నాయా అని కూడా అడుగుతాం. గోధుమగడ్డి రంగులో, రెండు మూడు అంగుళాలుండే బార్క్ స్కార్పియన్ గోడలెక్కగలదు, పైకప్పుకు తలకిందులుగా అంటుకుని ఉండగలదు, సన్నని సందు దొరికితే ఇంట్లోకి వచ్చేస్తుంది. అమెరికాలో ఉన్న తేళ్లన్నిటిలో ప్రాణాపాయం కలిగించగలదని వైద్యులు లెక్కవేసేది దీన్నొక్కదాన్నే. పెద్దవాళ్లకు చాలావరకు నొప్పి, తిమ్మిరితో పోతుంది. చంటిపిల్లల్లో మాత్రం కళ్లు అదుపు లేకుండా తిరగడం, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, ఊపిరి ఆడకపోవడం దాకా వెళ్తుంది. దీనికి మెక్సికోలో తయారయ్యే అనాస్కార్ప్ అనే విరుగుడు మందుకు 2011లో ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది.

మా అమ్మాయికి పదకొండేళ్లప్పుడు స్నానాల తొట్టిలో ఒకటి కనిపించింది. నున్నటి తొట్టిలోకి జారితే అవి మళ్లీ పైకి ఎక్కలేవు. ఆ రోజు నుంచి అది చెప్పులు దులపకుండా వేసుకోలేదు, దీపం ఆర్పి పడుకోలేదు. లైబ్రరీ నుంచి తేళ్ల పుస్తకాలు తెచ్చుకుని చదవడం మొదలుపెట్టింది. శత్రువు గురించి తెలుసుకోవాలని మొదలైన చదువు ఏడాది తిరిగేసరికి ఇంకోలా మారింది. భోజనాల దగ్గర కూర్చుని, తేళ్ల శిలాజాలు 43 కోట్ల ఏళ్ల నాటివి దొరికాయని, అంటే డైనోసార్ల కంటే ముందు నుంచి ఇవి ఉన్నాయని చెప్పేది. ప్రపంచంలో రెండున్నర వేలకు పైగా రకాలున్నాయని, మనుషుల ప్రాణం తీయగలిగినవి వాటిలో కొన్ని పదులు మాత్రమేనని చెప్పేది. పన్నెండో పుట్టినరోజుకు ఏం కావాలంటే, తేలు కావాలంది.

అది అడిగింది బార్క్ స్కార్పియన్ కాదు. ఆగ్నేయాసియా అడవుల్లో, మలేషియా, థాయిలాండ్ వైపు ఉండే పెద్ద నల్లతేలు. శాస్త్రనామం హెటెరోమెట్రస్. మన ఊళ్లలో వానలు పడగానే పొలం గట్ల బొరియల్లోంచి బయటికొచ్చే మండ్రగబ్బలకు ఇది దగ్గరి చుట్టం. చూడ్డానికి భీకరంగా ఉంటుంది కానీ విషం తక్కువ. తేళ్లు పెంచేవాళ్లు మొదట నేర్చుకునే సూత్రం ఒకటుంది. పీత డెక్కల్లా లావాటి పట్టుకొమ్మలు, సన్నటి తోక ఉంటే అది బలాన్ని నమ్ముకున్న తేలు. సన్నటి పట్టుకొమ్మలు, లావాటి తోక ఉంటే విషాన్ని నమ్ముకున్న తేలు. అన్నిసార్లూ వర్తించే నియమం కాదు గానీ, చాలావరకు నిజం. ఈ నల్లతేలు కుడితే తేనెటీగ కుట్టినంత నొప్పి. తేనెటీగ సరిపడనివాళ్లకు ప్రమాదం ఉన్నట్టే దీనితోనూ ఉండొచ్చు కాబట్టి, ఏ తేలునీ బొమ్మలా చూడకూడదు.

ఇక్కడ జరిగే సరీసృపాల ప్రదర్శనలో, ఇంట్లోనే పుట్టిన పిల్లతేలు ఒకటి కొన్నాం. మా అమ్మాయి ఆరో ఏట నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. తొట్టి మూత తీయగానే ఆ పిల్లతేలు తోక పైకెత్తి, వంచి, నిలబడ్డ తీరు చూసి, “అమ్మా, భామాకలాపంలో జడ!” అంది. అలా అది సత్యభామ అయింది.

మా ఆయన మాత్రం ఆ తొట్టి ఇంట్లోకి వచ్చిన రోజు ఏమీ మాట్లాడలేదు. కారణం నాకు తెలుసు, అమ్మాయికి అప్పటికి తెలియదు. మా ఆయనకు ముందు ఒక అన్న ఉండేవాడు. నాలుగేళ్ల వయసులో తేలు కుట్టి పోయాడు. 1974, కర్నూలు జిల్లా, కోడుమూరుకు దగ్గర్లో మా అత్తయ్యవాళ్ల ఊరు. బుడ్డలు పీకే రోజులు. పెద్దవాళ్లు పనిలో ఉంటే పిల్లవాణ్ణి శెనక్కట్టె వామి నీడలో పడుకోబెట్టారు. కుట్టింది ఎర్రతేలు. మొదట మంత్రం వేయించారు, చింతగింజ అరగదీసి అంటించారు. సాయంత్రానికి ఒళ్లంతా చెమటలు, చేతులూ కాళ్లూ చల్లబడ్డాయి, నోట్లోంచి నురగ. ఎద్దులబండి కట్టుకుని టౌనుకు బయల్దేరారు, దారిలోనే అయిపోయింది. మూడేళ్ల తర్వాత మా ఆయన పుడితే ఆ పిల్లవాడి పేరే పెట్టారు. మా పెళ్లయిన ఇన్నేళ్లలో అత్తయ్య ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. నాకు చెప్పింది మా ఆడపడుచు.

అలాంటి ఇంట్లో తేలు పెంపకం ఏమిటని మీరనుకోవచ్చు. మేమూ మాట్లాడుకున్నాం. మా ఆయన చివరికి అన్న మాట: “మనం వద్దన్నంత మాత్రాన దీనికి భయం పోదు. తెలుసుకోనీ.” కానీ కొన్ని నియమాలు పెట్టాడు. ఇప్పటికీ అవే నడుస్తున్నాయి. తొట్టికి రెండు గొళ్లేలు. లోపల ఏ పని చేసినా పొడుగాటి చిమటాతోనే, చేత్తో కాదు. తేలును చేతిమీద ఎక్కించుకుని ఫోటోలు దిగడం లేదు. మూత తీసేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఎవరో ఒకరు పక్కన ఉండాలి. స్నేహితులొస్తే గాజు బయటి నుంచే చూడాలి.

పెంచడం పెద్ద కష్టం కాదు, కానీ ఇది ఎడారి. సత్యభామది వానల అడవి. గది వేడి 75 నుంచి 85 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే చాలు, ఆ వేడి ఇక్కడ మనకు కొదవ లేదు. తేమ 75 శాతం దగ్గర నిలపడమే తంటా. తొట్టిలో ఆరంగుళాల మందాన కొబ్బరి పీచు పొడి పోసి, అడుగున తడి ఉండేలా ఒక మూల నీళ్లు పోస్తూ ఉంటాం. పైన మాత్రం బురద కాకూడదు, బూజు పడుతుంది, సూక్ష్మ పురుగులు చేరతాయి. దాక్కోవడానికి ఒక బెరడు ముక్క, లోతు లేని నీళ్ల పళ్లెం. వారానికొకసారి రెండు మూడు కీచురాళ్లు. తినకుండా మిగిలినదాన్ని తీసేయాలి. తేలు కుబుసం విడిచేటప్పుడు కొత్త చర్మం మెత్తగా ఉంటుంది, ఆ సమయంలో కీచురాయి కూడా దాన్ని కొరికి చంపగలదు. ఇంతటి జంతువు ఆ కొన్ని గంటలు అంత నిస్సహాయంగా ఉంటుందని నాకు సత్యభామను చూశాకే తెలిసింది.

మూడో ఏడు సత్యభామ పూర్తిగా ఎదిగింది. అప్పుడు అమ్మాయి, దానికి పిల్లల్ని పెంచాలంది. ఎందుకని అడిగితే ఒక కాగితం మీద రాసుకొచ్చిన కారణాలు చదివింది. పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఈ తేళ్లలో చాలావాటిని అడవుల్లో పట్టి తెస్తారు. పశ్చిమాఫ్రికాలో ఘనా, టోగో, బెనిన్ నుంచి చక్రవర్తి తేలు అని పిలిచే పెద్ద జాతిని అలాగే ఏళ్ల తరబడి ఎగుమతి చేశారు. 1995 నుంచి ఆ జాతి అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ ఉంది. ఈ తేళ్లు పిల్లల్ని కనడానికి ఏడాది దాకా పడుతుంది, పిల్లలు ఎదగడానికి ఇంకా ఏళ్లు. అడవిలో పట్టేస్తూ పోతే తిరిగి నిండటం కష్టం. ఇంట్లో పుట్టినవి దొరికితే అడవి జోలికి వెళ్లే పని తగ్గుతుంది. పద్నాలుగేళ్ల పిల్ల ఇంత చదివి వచ్చాక మేం అడిగింది ఒక్కటే: పుట్టినవాటిని ఏం చేస్తావు? దానికీ జవాబు రాసుకొచ్చింది. ఎవరెవరికి ఇస్తుందో పేర్లతో సహా.

ఈ ఊళ్లోనే తేళ్లు పెంచే రిటైర్డ్ సైన్స్ టీచరొకాయన మగతేలును అరువిచ్చారు. పుట్టిన పిల్లల్లో పావు వంతు ఆయనవి, అదీ ఒప్పందం. మగతేలుకు కృష్ణుడని పేరు పెట్టడం సహజంగానే జరిగిపోయింది. ఆడ, మగ గుర్తించడానికి పొట్ట కింద దువ్వెనల్లాంటి రెండు అవయవాలు చూస్తారు. మగదానికి వాటి పళ్లు పొడుగ్గా ఉంటాయి. నేలను తడిమి వాసన, కంపనం పసిగట్టేది ఆ దువ్వెనలతోనే. ముందు సత్యభామకు కడుపునిండా తినిపించారు. ఆకలితో ఉంటే కృష్ణుడికి ప్రమాదం మరి.

జూలైలో ఒక రాత్రి రెండింటినీ కలిపారు. కృష్ణుడు వెళ్లి ఆమె రెండు పట్టుకొమ్మల్నీ తన పట్టుకొమ్మలతో పట్టుకున్నాడు. తర్వాత దాదాపు గంటసేపు ముందుకీ వెనక్కీ, పక్కకీ నడిపించాడు. తేలు శాస్త్రవేత్తలు కూడా దీన్ని నాట్యమనే అంటారు. చదునైన చోటు కోసం ఆ వెతుకులాట. అది దొరికాక మగతేలు నేలమీద వీర్యం ఉన్న చిన్న కాడలాంటిదాన్ని నిలబెట్టి, ఆడదాన్ని దానిమీదికి లాగుతుంది. ఆడది దాన్ని లోపలికి తీసుకుంటుంది. అమ్మాయి కోసం మేం తొట్టిలో పలకరాయి ముక్క పెట్టాం, అక్కడే జరిగింది. పని అయిన వెంటనే టీచర్‌గారు కృష్ణుణ్ణి చిమటాతో ఎత్తి డబ్బాలో వేసుకున్నారు. “ఆలస్యం చేస్తే భోజనమైపోతాడు” అన్నారు నవ్వుతూ.

ఫిబ్రవరి వచ్చేసరికి సత్యభామ రెండు పక్కలా ఉబ్బి, నల్లటి పొలుసుల మధ్య తెల్లటి చర్మం గీతలు గీతలుగా కనిపిస్తోంది. అదే నెలలో అత్తయ్యకు వీసా వచ్చింది. మామయ్య పోయాక మొదటిసారి, ఆరు నెలలుండేలా మార్చిలో టికెట్.

“అమ్మ వచ్చేలోపు దాన్ని టీచర్‌గారికి ఇచ్చేద్దాం” అన్నాడు మా ఆయన. అమ్మాయి ఏడవలేదు. నిండు గర్భంతో ఉన్న తేలును కదిలిస్తే పిల్లలు దక్కకపోవచ్చు, పుట్టినా తల్లే తినేయొచ్చు అని చెప్పింది. తర్వాత, “జేజిని అడిగావా నాన్నా?” అంది. అడగడమంటే ఏం అడగాలో మా ఆయన ఆ రాత్రి దానికి చెప్పాడు. వాళ్ల పెదనాన్న సంగతి దానికి మొదటిసారి తెలిసింది. వింటూ అది తొట్టి వైపు చూడలేదు.

మరుసటి రోజు మా ఆయనే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత అత్తయ్య అంది: “కడుపుతో ఉండేదాన్ని యాడికీ కదిలించొద్దు. నా పక్కకు రాకుండా చూసుకోండి, సాలు.”

వచ్చాక మూడు వారాలు ఆవిడ ఆ గది గడప దాటలేదు. రాత్రి పడుకోబోయే ముందు దుప్పటి రెండుసార్లు విదిలించేది, మంచం గోడకు దూరంగా జరిపించింది, చెప్పులు తలకిందులుగా కొట్టి వేసుకునేది. నిజానికి అరిజోనాలో కొత్తగా దిగినవాళ్లకు అందరూ చెప్పే జాగ్రత్తలు అచ్చం ఇవే. ఆవిడకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

ఏప్రిల్ చివరికి రాత్రుళ్లు వెచ్చబడ్డాయి. ఆ రోజుల నుంచి మేం వారానికి రెండుసార్లు అతినీలలోహిత టార్చి పట్టుకుని పెరటి ప్రహరీ చుట్టూ తిరుగుతాం. తేలు పైపొరలో ఉండే కొన్ని రసాయనాల వల్ల ఆ వెలుతురులో అది ఆకుపచ్చగా మెరుస్తుంది. మామూలు టార్చి వేస్తే ఇటుక రంగులో కలిసిపోయి కనబడనిది, ఈ వెలుతురులో ఇరవై అడుగుల దూరం నుంచి దీపంలా కనిపిస్తుంది. దొరికినవాటిని తీసేయించి, సందులు మూసుకుంటాం. ఒక రాత్రి అత్తయ్య కూడా వెనక వచ్చింది. అమ్మాయి టార్చి గోడ మీదికి తిప్పగానే ఒకటి, పక్కన ఇంకొకటి, నీళ్ల గొట్టం పక్కన మూడోది.

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత చెయ్యి చాపి టార్చి తీసుకుంది. ప్రహరీ అంతా తానే ఒక చుట్టు తిరిగి చూసింది. గోడ మూలలు, పూలకుండీల కింద, తలుపు సందులు. “ఇన్నేండ్లు చీకట్లో యాడుందో యాడుందో అని బతికినా. ఇదేమో దానంతటదే కనపడతాంది” అంది.

మే రెండో వారంలో సత్యభామ ఈనింది. తేలు గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. తెల్లగా, బియ్యపుగింజలు ఉబ్బినట్టు, మెత్తగా పంతొమ్మిది. పుట్టినవి పుట్టినట్టే తల్లి ముందుకాళ్ల మీదుగా పాకి వీపుమీదికి ఎక్కేశాయి. ఆ రోజు అత్తయ్య గడప దాటి వచ్చి, తొట్టికి మూడడుగుల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

“పిల్లలు తల్లి వీపు చీల్చుకోని పుడతాయని, తల్లిని తినేస్తాయని అంటారు గదా?”

“కాదు జేజీ. ఇప్పుడు వాటికి నోట్లో ఏమీ పెట్టుకోవడం రాదు. ఒంట్లో ఉన్న కొవ్వుతోనే బతుకుతాయి. పది పన్నెండు రోజులకు మొదటి కుబుసం విడుస్తాయి. తర్వాత ఒక్కొక్కటీ దిగుతాయి. అప్పటిదాకా అమ్మే మోస్తుంది.”

మన దగ్గర చాలామంది నమ్మే మాటే అది. వీపు నిండా పిల్లలతో తల్లి కనబడటం, పిల్లలు దిగాక ఎప్పుడో ఎండిన కుబుసం దొరకడం చూసి అలా అనుకుని ఉంటారు. జరిగేది దానికి తలకిందులు. పిల్లలు తల్లిని తినవు, తల్లే ఒక్కోసారి పిల్లను తింటుంది. మూడో రోజు పొద్దున అదే జరిగింది. గదిలో చీకటిగానే ఉంచాం, తొట్టిని ఎవరూ తాకలేదు. వీపు మీంచి జారిపడిన ఒక పిల్లను సత్యభామ పట్టుకుని తినేసింది. బలహీనమైనదో, అప్పటికే చచ్చిపోయిందో తెలియదు. పద్దెనిమిది మిగిలాయి.

అమ్మాయి కింద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. అత్తయ్య పక్కన కూర్చుంది. “దానికి తెలిసి చేసిందా ఏమన్నానా తల్లీ,” అంటూ వీపు నిమిరింది. కాసేపాగి, ఎవరివైపూ చూడకుండా, “వాణ్ణి ఆ కట్టె పక్కన పండబెట్టింది నేనే. బండి కట్టండి అని నేను ముందే అరిసి ఉంటే బతుకుతుండెనేమో. మంత్రం పట్టుకోని మధ్యానం దాకా కూసున్యాం” అంది.

మా ఆయన గుమ్మంలో నిలబడి వింటున్నాడు. నలభై ఏడేళ్లలో తల్లి నోట ఆ మాట వినడం అదే మొదలు.

మా అమ్మాయి కళ్లు తుడుచుకుని లేచి తన నోటు పుస్తకం తెచ్చింది. వాళ్ల పెదనాన్న సంగతి తెలిసిన రాత్రి నుంచి అది ఎర్రతేలు గురించి చదువుతూ ఉందని మాకప్పుడే తెలిసింది. తనకు వచ్చిన తెలుగులో, మధ్యలో నన్ను మాటలు అడుగుతూ, జేజికి చెప్పింది.

భారత ఎర్రతేలు విషం ఒంట్లోకి వెళ్లగానే, భయపడినప్పుడు శరీరం వదిలే రసాయనాలన్నీ ఒక్కసారిగా వరదలా వచ్చిపడతాయి. రక్తనాళాలు బిగుసుకుంటాయి, చేతులూ కాళ్లూ చల్లబడతాయి, చెమటలు పోస్తాయి, గుండె ఆ భారం మోయలేక ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. నోట్లోంచి నురగ వచ్చేది అందుకే. మహారాష్ట్రలో కొంకణ తీరాన, మహాడ్ దగ్గర చిన్న ఆరోగ్య కేంద్రంలో పనిచేసిన హిమ్మత్‌రావ్ బావస్కర్ అనే వైద్యుడు ఇలాంటి పిల్లలు కళ్లముందే చనిపోవడం చూసి, మంచం పక్కనే కూర్చుని ఒక్కో లక్షణం రాసుకున్నాడు. బిగుసుకున్న రక్తనాళాలను వదులు చేసే ప్రజోసిన్ అనే రక్తపోటు మాత్రను వాడి చూశాడు. పిల్లలు బతకడం మొదలైంది. ఆ ఫలితాలు లాన్సెట్ పత్రికలో 1986లో వచ్చాయి. అంతకుముందు తీవ్రమైన కేసుల్లో పాతిక ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు తర్వాత చాలా తక్కువకు పడిపోయాయి. 2011లో ప్రజోసిన్‌తో పాటు విరుగుడు మందు కూడా ఇస్తే ఇంకా త్వరగా కోలుకుంటారని ఆయనే చూపించాడు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

అత్తయ్య అంతా విని, “ఎప్పుడన్నావు?” అని అడిగింది.

“పేపర్లో వచ్చింది 1986. అసలు ఆ మాత్రకు అమెరికాలో పర్మిషన్ వచ్చిందే 1976లో.”

అత్తయ్య వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. “వాడు పోయింది డెబ్బై నాలుగు.”

“అవును జేజీ. అప్పుడు దీన్ని ఇలా తగ్గించొచ్చని ఏ హాస్పిటల్లోనూ ఎవరికీ తెలియదు. పొద్దున్నే తీసుకెళ్లినా బతికేవాడని ఎవరూ చెప్పలేరు.”

బతికేవాడు కాదని అది అనలేదు. నాకు అదే నచ్చింది. తెలిసినంతవరకే చెప్పింది. అత్తయ్య చాలాసేపు సత్యభామ వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి, “పొద్దు పోయింది, పిల్లకు ఏమన్నా పెట్టు” అని నాతో అంది. ఆ రాత్రి మా ఆయన తల్లి గదిలో కింద చాప వేసుకుని పడుకున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

పిల్లతేళ్లు పదకొండో రోజు తల్లి వీపు మీదే కుబుసం విడిచాయి. మరో వారానికి దిగాయి. రెండో కుబుసం తర్వాత, ఒకదాన్నొకటి తినకుండా, మూతకు సన్నటి చిల్లులు పెట్టిన పెరుగు డబ్బాల్లో వేరు చేశాం. డబ్బాలు కడిగి ఆరబెట్టే పని అత్తయ్యదే. చేతి వేళ్లు మాత్రం లోపలికి పోనిచ్చేది కాదు. “ప్రేమ వేరు, చనువు వేరు” అనేది. కుబుసాలు విడవడంలో రెండు పోయాయి. పదహారు దక్కాయి. నాలుగు టీచర్‌గారికి, ఎనిమిది తెలిసి పెంచేవాళ్లకు వెళ్లాయి. నాలుగు మా దగ్గరున్నాయి. అవి పెద్దవి కావడానికి ఇంకా రెండు మూడేళ్లు పడుతుంది.

శ్రావణంలో అత్తయ్య వాళ్ల వైపు కొండ తిరునాళ్ల గురించి చెప్పింది. కోడుమూరు కొండమీద మూడో సోమవారం జనం రాళ్లు తిరగేసి తేళ్లను చేత్తో పట్టి కొండలరాయుడికి సమర్పిస్తారు. ఏటా పేపర్లలో ఫోటోలు వస్తాయి, మీరూ చూసి ఉంటారు. బిడ్డ పోయాక ఆవిడ ఆ కొండ ఎక్కలేదట. దేవుడి మీద కోపమా అని అడిగితే, “కోపం ల్యా. చూడలేక” అంది. ఆ ఫోటోలు చూసి ఇక్కడి పిల్లలెవరూ ప్రయత్నించకూడదని ఈ సందర్భంగా నా మాట.

ఇక కొనివ్వొచ్చా అని అడిగేవాళ్లకు. పిల్లల వయసు కంటే ఓపిక చూడండి. ఈ జంతువు ఏడెనిమిదేళ్లు బతకొచ్చు, అందులో ఎక్కువ రోజులు బెరడు కింద కదలకుండా ఉంటుంది. మీ రాష్ట్రంలో, మీ దేశంలో నియమాలేమిటో, అద్దె ఇల్లయితే ఒప్పందంలో ఏముందో ముందు కనుక్కోండి. ఇంట్లో పుట్టినదాన్నే కొనండి. విసుగొచ్చిందని బయట వదలొద్దు, అది ఇక్కడి నేలది కాదు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు మరీ మరీ చెప్పేది, అక్కడి ఎడారి నల్లతేళ్లు మన మండ్రగబ్బల్లా ఉండవు. లావు తోక ఉన్న ఆ నల్లతేలు విషం ప్రాణాలు తీయగలదు. రంగు చూసి మోసపోయి పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి. ఎక్కడైనా సరే, పిల్లలకు తేలు కుడితే ముందు ఆసుపత్రి. మంత్రాలకూ చింతగింజలకూ గంటలు పోనివ్వొద్దు. విరుగుడు తెలిసిన కాలంలో ఉన్నాం మనం.

అత్తయ్య ఆగస్టు చివర్లో వెళ్లిపోయింది. పెట్టె సర్దేటప్పుడు మనవరాళ్లకు చాక్లెట్లు, ఆడపడుచుకు చీరతో పాటు ఆరు అతినీలలోహిత టార్చిలు అడిగి కొనిపించుకుంది. ఇప్పుడు వాళ్ల వీధిలో బుడ్డల పనులకు పోయే కూలీల గుడిసెల దగ్గర పిల్లలు పడుకోబోయే ముందు చుట్టూ ఒకసారి ఆ వెలుతురు వేసి చూస్తున్నారట. మొన్న ఫోన్లో, రెండు టార్చిలకు బ్యాటరీలు అయిపోయాయి, కర్నూల్లో ఏ రకం దొరుకుతాయో కనుక్కుని చెప్పమని మనవరాలికి పురమాయించింది.